ఆర్ విలువ మైనస్ 0.29 వచ్చింది, సంబంధం లేదని రాసేయొచ్చా?

అచ్చుగది · 1

అందరికీ నమస్కారం. నేను ప్లాస్టిక్ మూతలు చేసే యూనిట్‌లో క్వాలిటీ చూస్తాను. మా మూతలు పాలీప్రొపిలీన్‌వి. మోల్డ్ నుంచి బయటికొచ్చాక అవి కొంచెం కుంచించుకుపోతాయి, దాన్నే మేం ష్రింకేజ్ అంటాం. ఈమధ్య కొన్ని మూతలు బిగుసుకుపోతున్నాయని, కొన్ని వదులుగా ఉన్నాయని ఫిర్యాదులు వస్తున్నాయి. మోల్డ్ టెంపరేచర్‌కీ ష్రింకేజ్‌కీ సంబంధం ఉందేమో చూడమని మా ఇన్‌చార్జ్ సర్ చెప్పారు.

రిజిస్టర్‌లోంచి 30 నుంచి 49 డిగ్రీల సెల్సియస్ వరకు ఒక్కో డిగ్రీకి ఒక్కో రీడింగ్ తీశాను. మొత్తం 20. ఎక్సెల్‌లో కోరెల్ ఫంక్షన్ పెడితే ఆర్ విలువ, అంటే సహసంబంధ గుణకం, మైనస్ 0.29 వచ్చింది. పట్టికలో చూస్తే 20 జతలకు, 5 శాతం స్థాయిలో, కనీసం 0.444 ఉండాలట. కాబట్టి "చెప్పుకోదగ్గ సంబంధం లేదు" అని రిపోర్టు రాసేయొచ్చు కదా?

రీడింగులు కింద ఇస్తున్నా. వరసగా 30 డిగ్రీల నుంచి 49 దాకా, ష్రింకేజ్ శాతంలో:

1.52, 1.50, 1.60, 1.51, 1.66, 1.58, 1.63, 1.75, 1.66, 1.72, 1.36, 1.41, 1.34, 1.46, 1.39, 1.48, 1.55, 1.47, 1.52, 1.60.

చుక్కలపటం · 2

స్కాటర్ డయాగ్రమ్, అంటే చుక్కల పటం, గీశారా? గీయకపోతే రిపోర్టు ఆపండి.

అచ్చుగది · 3

గీశానండీ. అంతా రంపం పళ్ళలా పైకీ కిందకీ పోతున్న గీత వచ్చింది. మధ్యలో ఒకచోట అమాంతం పడిపోయింది. దాన్ని చూసి ఏమీ అర్థం కాక నంబరు మీదే ఆధారపడ్డాను.

చుక్కలపటం · 4

గీత వచ్చిందంటే మీరు గీసింది లైన్ చార్ట్. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎక్సెల్‌లో లైన్ చార్ట్‌కి కింది అక్షం మీద ఉన్నవి పేర్లతో సమానం. 30, 31, 45 అని ఇచ్చినా మూడింటినీ సమాన దూరంలో పెట్టేస్తుంది. మీవి ఒక్కో డిగ్రీ తేడాతో ఉన్నాయి గనుక ఆ తప్పు బయటపడలేదు. చార్టుల జాబితాలో స్కాటర్ అని విడిగా ఉంటుంది. అందులోనూ చుక్కలు మాత్రమే ఉన్నదాన్ని ఎంచుకోండి, చుక్కల్ని కలిపే గీతలు వద్దు. మొదటి కాలమ్‌లో టెంపరేచర్, రెండో దాంట్లో ష్రింకేజ్ ఉండాలి. మొదటిది అడ్డంగా ఉండే అక్షం మీదికి పోతుంది.

వీలైతే ఒక్కసారి గ్రాఫ్ కాగితం మీద చేత్తో పెట్టి చూడండి. 20 చుక్కలకు పావుగంట చాలు. ఒక్కో చుక్కా పెట్టేటప్పుడు "ఇదేంటి ఇక్కడ పడింది" అని చెయ్యి ఆగుతుంది చూడండి, ఆ ఆగడం కంప్యూటర్ దగ్గర దొరకదు.

లెక్కలమేడం · 5

అచ్చుగది గారూ, ఆర్ అనే ఆ సంఖ్య అసలు దేన్ని కొలుస్తుందో మీ రీడింగులతోనే చెప్తాను.

మీ టెంపరేచర్ల సగటు 39.5. ష్రింకేజ్ సగటు సుమారు 1.54. ఇప్పుడు 37 డిగ్రీల చుక్క తీసుకోండి. టెంపరేచర్ సగటుకి 2.5 తక్కువ, ష్రింకేజ్ సగటుకి 0.21 ఎక్కువ. రెండు తేడాల్ని గుణిస్తే మైనస్ వస్తుంది. 42 డిగ్రీల చుక్క టెంపరేచర్‌లో 2.5 ఎక్కువ, ష్రింకేజ్‌లో 0.20 తక్కువ. ఇదీ మైనస్సే. అదే 49 డిగ్రీల చుక్క రెండింట్లోనూ సగటుకి పైన ఉంది కాబట్టి ప్లస్. ఇలా 20 లబ్ధాలూ కూడి, రెండు చలరాశులు ఎంతెంత చెదిరి ఉన్నాయో దాంతో భాగిస్తే మైనస్ 1కీ ప్లస్ 1కీ మధ్య ఒక సంఖ్య వస్తుంది. కార్ల్ పియర్సన్ 1896లో స్థిరపరిచిన పద్ధతి ఇదే.

ఆ కూడికలో ఏ చుక్క ఎక్కడుందో, ఎవరి పక్కన ఎవరున్నారో అన్నీ కలిసిపోతాయి. ఒక సరళరేఖకు చుక్కలు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే మిగులుతుంది. ఎక్స్‌ని మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా తీసుకుని, వైని ఎక్స్ వర్గంగా పెట్టండి. వై పూర్తిగా ఎక్స్ చెప్పినట్టే నడుస్తుంది, అయినా ఆర్ విలువ సున్నా. పటంలో మాత్రం గిన్నెలాంటి వంపు ఎవరికైనా కనిపిస్తుంది.

ఫ్రాన్సిస్ ఆన్‌స్కూమ్ 1973లో ఇచ్చిన నాలుగు పట్టికల గురించి వినే ఉంటారు. ఒక్కోదాంట్లో 11 జతలు. నాలుగింటిలోనూ సగటులు, విస్తృతి, ఆర్ విలువ దాదాపు ఒకటే. ఆర్ సుమారు 0.816. నాకు ఎప్పుడూ నాలుగోది దగ్గర కళ్ళు ఆగిపోతాయి. అందులో పది చుక్కలు ఎక్స్ 8 దగ్గర నిలువుగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మిగిలిన ఒక్క చుక్క దూరంగా 19 దగ్గర. ఆ ఒక్కటీ తీసేస్తే ఎక్స్ మారనే మారదు, ఆర్ లెక్కకట్టడానికే వీలుండదు. 0.816 మొత్తం ఒక్క చుక్క మోస్తోందన్నమాట.

నాణ్యతబల్ల · 6

నేను పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. షాప్ ఫ్లోర్‌లో క్యాలిక్యులేటర్ కూడా లేకుండా చేసే పద్ధతి ఒకటుంది, ఏడు క్వాలిటీ టూల్స్ నేర్పేటప్పుడు చెప్తారు. ఇషికావా కవోరు ప్రచారంలోకి తెచ్చిన ఆ ఏడింటిలో స్కాటర్ డయాగ్రమ్ కూడా ఒకటి.

టెంపరేచర్ల మధ్యగతం దగ్గర నిలువు గీత, ష్రింకేజ్ మధ్యగతం దగ్గర అడ్డగీత గీయాలి. పటం నాలుగు పాదాలవుతుంది. గీత మీదే పడ్డ చుక్కల్ని వదిలేసి, కుడి పైనా ఎడమ కిందా ఉన్నవి ఒక కుప్ప, ఎడమ పైనా కుడి కిందా ఉన్నవి ఇంకో కుప్ప అని లెక్కపెట్టాలి. చిన్న కుప్పలోని లెక్క పట్టికలో ఇచ్చిన హద్దుకి సమానంగా గానీ, తక్కువగా గానీ ఉంటే సంబంధం ఉన్నట్టు. 5 శాతం స్థాయిలో 20 చుక్కలకు హద్దు 5, 25కి 7, 30కి 9.

మీ రీడింగులకు ఇప్పుడే చేశాను. మధ్యగతాలు 39.5, 1.52. రెండు చుక్కలు అడ్డగీత మీద పడ్డాయి, వాటిని తీసేస్తే 18. ఎడమ పైన 7, కుడి కింద 7, మొత్తం 14. కుడి పైన 2, ఎడమ కింద 2, మొత్తం 4. 18 చుక్కలకు హద్దు సరిగ్గా 4. కాబట్టి రుణ సహసంబంధం ఉంది. టెంపరేచర్ పెరిగితే ష్రింకేజ్ తగ్గుతోంది. "సంబంధం లేదు" అని రాయకండి.

అచ్చుగది · 7

చాలా థ్యాంక్స్ సర్! అడగడం మంచిదైంది. అయితే టెంపరేచర్ పెంచితే ష్రింకేజ్ తగ్గుతుందన్నమాట. రేపే రెండు మూడు డిగ్రీలు పెంచమని చెప్తాను.

మోల్డింగ్‌బాబాయ్ · 8

ఆగు నాయనా, రేపు ఏమీ పెంచకు.

నేను లెక్కల మనిషిని కాదు, మెషీన్ మనిషిని. పాలీప్రొపిలీన్ చల్లారేటప్పుడు లోపల స్ఫటికాలు కడుతుంది. మోల్డ్ వేడిగా ఉంటే మెల్లగా చల్లారుతుంది, స్ఫటికాలు కట్టడానికి ఎక్కువ టైం దొరుకుతుంది. ఎంత ఎక్కువ కడితే పదార్థం అంత దగ్గరికి చేరుతుంది. అంటే మోల్డ్ వేడి పెరిగితే ష్రింకేజ్ పెరగాలి. నీ చుక్కలు తిరగేసి చెప్తున్నాయి. పాలీప్రొపిలీన్ తన గుణం మార్చుకోదు, కాబట్టి లోపం నీ రిజిస్టర్‌లో ఎక్కడో ఉంది.

రెండు మాటలు చెప్పు. మూతల్ని ఎన్ని గంటలకు కొలిచారు? ఇవన్నీ ఒకే మెషీన్‌వా?

అచ్చుగది · 9

కొలవడం అన్నీ 24 గంటల తర్వాతే బాబాయ్, అందులో తేడా లేదు.

మెషీన్లు రెండు. మూత ఒకటే, మోల్డ్ డిజైన్ ఒకటే. ఒకటో మెషీన్‌ని 30ల్లో నడుపుతారు, రెండోదాన్ని 40 పైన. ఇంతకు ముందు ఉన్న ఆపరేటర్ల కాలం నుంచి అలాగే సాగుతోంది. అంటే మొదటి పది రీడింగులు ఒకటో మెషీన్‌వి, తర్వాతి పది రెండోదానివి. ఇది ముఖ్యమని తట్టక రాయలేదు.

చుక్కలపటం · 10

అదే ముఖ్యం. రెండు మెషీన్లకూ రెండు రంగులు వేసి మళ్ళీ గీయండి. లేదా ఒకదానికి చుక్క, ఇంకోదానికి ఇంటూ గుర్తు.

అచ్చుగది · 11

ఇప్పుడే గీశాను. చేత్తోనే, గ్రాఫ్ కాగితం మీద, నీలం పెన్నూ ఎర్ర పెన్నూ పెట్టి. చెయ్యి వణికిందంటే నమ్మండి.

పటంలో రెండు గుంపులున్నాయి. నీలం గుంపు ఎడమవైపు పైన, ఎర్ర గుంపు కుడివైపు కింద. రెండూ విడివిడిగా ఎడమ నుంచి కుడికి పైకే ఎక్కుతున్నాయి! రెండు మెట్లున్న నిచ్చెనను పక్కకు వాల్చినట్టుంది. లైన్ చార్ట్‌లో మధ్యలో అమాంతం పడిపోయిందని చెప్పానే, అది 39కీ 40కీ మధ్య, సరిగ్గా మెషీన్ మారిన చోటు.

విడివిడిగా ఆర్ లెక్కకట్టాను. ఒకటో మెషీన్‌కి 0.83, రెండోదానికి 0.86. రెండు గీతల వాలు కూడా దాదాపు ఒకటే, డిగ్రీకి సుమారు 0.024. రెండూ కలిపితే మాత్రం మైనస్ 0.29.

నిన్న ఆ రిపోర్టు పంపేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే టెన్షన్‌గా ఉంది.

నాణ్యతబల్ల · 12

తప్పు నాదే. లెక్క సరిగ్గానే చేశాను, కానీ రీడింగులు ఎక్కడివని అడగకుండా తీర్పు చెప్పాను. ఆ మధ్యగతం గీతలకు మెషీన్ ఏదో తెలియదు. ఎడమ పైనున్న ఏడూ ఒకటో మెషీన్‌వి, కుడి కిందున్న ఏడూ రెండోదానివి. నేను లెక్కపెట్టింది మెషీన్ల మధ్య తేడాని, దానికి టెంపరేచర్ అని పేరు పెట్టాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లలకు ఈ పద్ధతి ఎన్నిసార్లు చెప్పానో. ఇకమీదట చుక్కలు లెక్కపెట్టే ముందు రీడింగ్ ఏ మెషీన్‌ది, ఏ షిఫ్ట్‌ది, ఏ లాట్ మెటీరియల్‌ది అని రాయించి అప్పుడు మొదలుపెట్టిస్తాను.

కొత్తపాఠం · 13

నేను డిగ్రీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. ఇది అచ్చం మా ప్రాక్టికల్స్‌లో చేసిన పెంగ్విన్ల డేటాలా ఉంది! అంటార్కిటికాలోని పామర్ స్టేషన్ దగ్గర 2007 నుంచి 2009 వరకు కొలిచిన 344 పెంగ్విన్లు. ముక్కు పొడవు ఒక అక్షం మీద, ముక్కు మందం ఇంకో అక్షం మీద పెడితే గీత కిందికి దిగుతుంది. అడేలీ, చిన్‌స్ట్రాప్, జెంటూ అని మూడు జాతులకు మూడు రంగులు వేస్తే మూడు గుంపులూ పైకే ఎక్కుతాయి. జెంటూల ముక్కు పొడవుగా ఉంటుంది కానీ మందం తక్కువ, అందుకని అవి కుడివైపు కింద కూర్చుని మొత్తం గీతని కిందికి లాగేస్తాయి. సింప్సన్ పారడాక్స్ అని పుస్తకంలో చదివాను గానీ మూతల్లో కూడా ఉంటుందని అనుకోలేదు.

లెక్కలమేడం గారూ, ఒక సందేహం. ఇప్పుడు ఏది నమ్మాలి? ఎన్ని గుంపులుగా విడగొడితే అన్ని రకాల జవాబులు వస్తాయి కదా.

లెక్కలమేడం · 14

మంచి ప్రశ్న. పటం దీనికి తనంతట తాను జవాబివ్వదు. రంగు దేన్నిబట్టి వేయాలో పని తెలిసినవాళ్ళు చెప్పాలి. బాబాయ్ గారు స్ఫటికాల సంగతి చెప్పకపోతే మెషీన్ గురించి ఎవరమూ అడిగేవాళ్ళం కాదు. కనబడిన ప్రతి కాలమ్‌తోనూ విడగొట్టుకుంటూ పోతే, నచ్చిన జవాబు వచ్చేదాకా వెతుక్కున్నట్టవుతుంది.

అయితే అచ్చుగది గారి పటంలో ఇంకో లోటుంది. నీలం చుక్కలన్నీ 39 లోపు, ఎర్రవన్నీ 40 పైన. రెండు రంగులూ కలిసే చోటు ఒక్కటీ లేదు. ఒకే టెంపరేచర్ దగ్గర రెండు మెషీన్లు ఎలా నడుస్తాయో మన దగ్గర ఒక్క రీడింగూ లేదు. గీతల్ని పొడిగించి ఊహించడమే తప్ప చూసింది లేదు. 40 దగ్గర పదార్థంలోనే ఏదో మారి ష్రింకేజ్ పడిపోయిందని ఎవరైనా వాదిస్తే, ఈ 20 చుక్కలతో కాదని నిరూపించలేం.

దీనికి మందు ఒకటే. ఒకటో మెషీన్‌ని 44 దగ్గర, రెండోదాన్ని 36 దగ్గర కాసేపు నడిపి చూడాలి. ఏం రావాలో ముందే రాసి పెడుతున్నాను. మెషీన్‌దీ టెంపరేచర్‌దీ విడివిడిగా ప్రభావం ఉంటే, ఒకటో మెషీన్ 44 దగ్గర సుమారు 1.84, రెండోది 36 దగ్గర సుమారు 1.26 ఇవ్వాలి. మెషీన్‌తో పనే లేకుండా అంతా టెంపరేచరే అయితే ఒకటోది 1.45 దగ్గరికి, రెండోది 1.65 దగ్గరికి రావాలి. టెంపరేచర్‌తో పనే లేకపోతే 1.61, 1.46 దగ్గరే ఉండిపోవాలి. ఈ మూడూ ఒకదానికొకటి చాలా దూరంలో ఉన్నాయి. కాబట్టి తక్కువ రీడింగులతోనే తేలిపోతుంది.

మోల్డింగ్‌బాబాయ్ · 15

మేడం చెప్పినట్టు చెయ్యి. టెంపరేచర్ మార్చాక మోల్డ్ నిలకడకొచ్చే దాకా ఆగు, మొదట్లో వచ్చే మూతల్ని పక్కన పడెయ్యి. హోల్డింగ్ ప్రెషర్, హోల్డింగ్ టైం రెండు మెషీన్లలో ఎంతెంత ఉన్నాయో కూడా రాసుకుని రా. ఎక్కువ ప్రెషర్‌తో పట్టి ఉంచితే అచ్చులోకి మెటీరియల్ ఎక్కువ దిగుతుంది, ష్రింకేజ్ తగ్గుతుంది. నా అనుమానం అక్కడుంది.

అచ్చుగది · 16

ఇన్‌చార్జ్ సర్ దగ్గర పర్మిషన్ అడగాలి. రెండు విషయాలు అడుగుతా. ఒకటి, ఒక డిగ్రీకి మూడు నాలుగు రీడింగులున్న చోట మొదటిది తీసుకున్నాను. ఫిర్యాదులేమీ రాని రోజుల రీడింగులు తీసేసి, ఫిర్యాదులొచ్చిన బ్యాచ్‌లవే పెడితే పటం ఇంకా స్పష్టంగా ఉంటుందేమోనని అనిపిస్తోంది. రెండు, సర్ నా పటం చూసి తనే ఇంకొకటి ప్రింట్ తీశారు. అందులో అక్షాలు రెండూ సున్నా నుంచి మొదలయ్యాయి, చుక్కలన్నీ ఒక మూలకు చేరి ఒక్క ముద్దలా ఉన్నాయి. "ఎక్కడయ్యా రెండు గుంపులు" అన్నారు.

చుక్కలపటం · 17

మొదటి దానికి దయచేసి ఆ పని చేయకండి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోవద్దు.

1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక పైకి లేచిన కాసేపటికే పేలిపోయి ఏడుగురు చనిపోయారు. బూస్టర్ రాకెట్ అతుకుల్లో ఉండే రబ్బరు రింగులు చలికి బిగుసుకుపోయి వేడి వాయువుని ఆపలేకపోయాయి. ముందు రోజు రాత్రి ఇంజనీర్లూ మేనేజర్లూ ఫోన్లో కూర్చుని, అంత చలిలో ఎగరొచ్చా లేదా అని వాదించుకున్నారు. అప్పుడు వాళ్ళు పోల్చి చూసింది అంతకు ముందు రింగులు దెబ్బతిన్న ఏడు ప్రయోగాలను మాత్రమే. వాటి ఉష్ణోగ్రతలు ఫారెన్‌హీట్‌లో 53, 57, 58, 63, 70, 70, 75. ఈ ఏడింటినీ కాగితం మీద పెట్టి చూడండి. చలిలోనూ దెబ్బతిన్నాయి, వెచ్చగా ఉన్నప్పుడూ దెబ్బతిన్నాయి. ఉష్ణోగ్రతతో పని లేదనే అనిపిస్తుంది.

ఏమీ దెబ్బతినని ప్రయోగాల్ని కూడా సున్నా గీత మీద చుక్కలుగా పెట్టి ఉంటే పటం మారిపోయేది. విచారణ సంఘం తర్వాత ఆ పని చేసింది. 66 డిగ్రీలు, అంతకు పైన జరిగిన 20 ప్రయోగాల్లో దెబ్బతిన్నవి మూడే. 63, అంతకు కింద జరిగిన నాలుగింటికి నాలుగూ దెబ్బతిన్నాయి. ఆ ఉదయం చలి ఈ అన్నింటికంటే చాలా కింద ఉంది. ఇబ్బంది లేదని పక్కన పెట్టిన చుక్కలే అసలు సంగతి చెప్పే చుక్కలు. నేను ఈ రెండు పటాల్నీ ఎన్నిసార్లు చూసినా మనసు బరువెక్కుతుంది.

కాబట్టి మీ రిజిస్టర్‌లో ఉన్న అన్ని రీడింగులూ పెట్టండి. ఒకే చోట మూడు నాలుగు చుక్కలు పడితే బోలు వృత్తాలు వాడండి, ఒకదాని వెనక ఒకటి కనబడతాయి.

లెక్కలమేడం · 18

రెండో దానికి నేను చెప్తాను. క్లీవ్‌లాండ్, డయాకోనిస్, మెక్‌గిల్ అనే ముగ్గురు 1982లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అవే చుక్కల్ని, చుట్టూ ఖాళీ వదిలి చట్రంలో చిన్న గుంపుగా చూపిస్తే జనం సహసంబంధం ఎక్కువగా ఉందని అంచనా వేశారు. ఆర్ విలువ రెండింటిలోనూ ఒకటే. స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ళు కూడా అలాగే చూశారు. మీ ఇన్‌చార్జ్ గారి ప్రింట్‌లో జరిగింది దీనికి దగ్గరే. సున్నా నుంచి మొదలుపెడితే కాగితంలో ఎక్కువ భాగం ఖాళీగా పోతుంది, రెండు గుంపులూ ఒకటిగా కనిపిస్తాయి.

కడ్డీల చార్టుకి సున్నా కావాలి, అక్కడ కడ్డీ పొడవే విలువ. చుక్కల పటానికి అక్కర్లేదు. అడ్డంగా 28 నుంచి 51, నిలువుగా 1.30 నుంచి 1.80 పెట్టండి. చట్రం ఇంచుమించు చతురస్రంగా ఉండాలి. అక్షాల మీద అంకెలు పెద్దగా రాసి, సున్నా నుంచి మొదలవలేదని సర్‌కి నోటితో కూడా చెప్పండి.

కొత్తపాఠం · 19

మేడం, ఏది అడ్డంగా పెట్టాలి, ఏది నిలువుగా పెట్టాలి అన్నది అంత ముఖ్యమా? ఆర్ రెండు రకాలుగానూ ఒకటే వస్తుంది కదా.

లెక్కలమేడం · 20

ఆర్ ఒకటే, గీత ఒకటి కాదు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో 205 జంటల తల్లిదండ్రులు, వాళ్ళ పెద్దయిన 928 మంది పిల్లల ఎత్తుల్ని పట్టికగా వేశాడు. చాలా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటున అంత పొడవు లేరు, సగటు వైపు కొంచెం జరిగి ఉన్నారు. అదే పట్టికని అడ్డం తిప్పి చాలా పొడవైన పిల్లల్ని ముందు తీసుకుంటే, వాళ్ళ తల్లిదండ్రులు కూడా సగటు వైపే జరిగి కనిపిస్తారు. గుంపు ఒకటే, దాంట్లోంచి వచ్చే గీతలు రెండు. దేన్నిబట్టి దేన్ని ఊహిస్తున్నాం అన్నదాన్నిబట్టి గీత మారుతుంది. మనం మార్చగలిగేది అడ్డంగా, దానివల్ల ఏమవుతుందో తెలుసుకోవాలనుకునేది నిలువుగా పెట్టడం ఆనవాయితీ. అచ్చుగది గారు మార్చగలిగేది టెంపరేచర్.

ఆకాశదర్శిని · 21

కాస్త పక్కకు పోతున్నాను, కానీ ఈ చర్చ చదువుతుంటే ఆగలేకపోయాను. మా ఖగోళశాస్త్రంలో సగం సంగతులు చుక్కల పటాల్లోంచే వచ్చాయి. నక్షత్రాల ఉష్ణోగ్రత అడ్డంగా, కాంతి నిలువుగా పెట్టే హెర్ట్స్‌ప్రుంగ్ రస్సెల్ పటం చూడండి. మొత్తానికి ఒక ఆర్ కట్టడం అర్థం లేని పని. ఎక్కువ నక్షత్రాలు మూల నుంచి మూలకు ఒక పట్టీలా ఉంటాయి, కుడి పైన పెద్ద ఎర్ర నక్షత్రాల గుంపు, ఎడమ కింద తెల్ల మరుగుజ్జులు. ఏ నక్షత్రం జీవితంలో ఏ దశలో ఉందో గుంపే చెప్తుంది. 1929లో ఎడ్విన్ హబుల్ 24 నెబ్యులాల దూరాన్నీ వేగాన్నీ చుక్కలుగా పెట్టాడు. చుక్కలు బాగా చెదిరే ఉన్నాయి, అయినా ఎక్కే తీరు కనిపించింది. దూరాల కొలతలో లోపం ఉండటంతో ఆయనకొచ్చిన వాలు ఇప్పటి విలువకి ఏడు రెట్లు. వాలు తప్పింది, తీరు నిలబడింది.

నాణ్యతబల్ల · 22

అచ్చుగది గారూ, అన్ని రీడింగులూ పెట్టేటప్పుడు తేదీ కూడా రాయండి. కాలంతోపాటు రెండూ మెల్లగా జరుగుతుంటే వాటి మధ్య ఏ సంబంధం లేకపోయినా ఆర్ పెద్దగా వస్తుంది. ఉడ్నీ యూల్ 1926లో ఇదే చూపించాడు. ఇంగ్లండ్‌లో 1866 నుంచి 1911 వరకు చర్చిలో జరిగే పెళ్ళిళ్ళ వాటాకీ మరణాల రేటుకీ 0.95 వచ్చింది. రెండూ ఆ ఏళ్ళలో తగ్గుతూ పోయాయి, అంతే. మీ రిజిస్టర్‌లో టెంపరేచర్ నెలనెలా పెరుగుతూ వచ్చి, మెటీరియల్ లాట్ కూడా మారుతూ వచ్చి ఉంటే ఇదే ఇబ్బంది.

అచ్చుగది · 23

వారం తర్వాత వస్తున్నాను. సర్ ఒప్పుకున్నారు. రంగులు వేసిన పటం ముందు పెట్టగానే ఆయనే అడిగారు, "ఒకటో మెషీన్‌ని వేడిలో నడిపి చూద్దామా" అని.

ఒకటో మెషీన్ 44 డిగ్రీల దగ్గర మూడు రీడింగులు: 1.81, 1.83, 1.80. రెండోది 36 దగ్గర: 1.27, 1.29, 1.26. మేడం, మీరు రాసిన 1.84, 1.26 కాగితాన్ని పక్కన పెట్టుకునే కొలిచాం. మొదటి మూత మీద 1.81 చూడగానే సర్ మైక్రోమీటర్ నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ కొలిచారు.

బాబాయ్, మీ అనుమానం నిజమే అనిపిస్తోంది. రెండో మెషీన్‌లో హోల్డింగ్ ప్రెషర్ ఒకటోదానికంటే బాగా ఎక్కువ పెట్టి ఉంది, హోల్డింగ్ టైం కూడా రెండు సెకన్లు ఎక్కువ. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. బిగుతైన మూతలు, వదులైన మూతలు వేర్వేరు మెషీన్లవని ఇప్పుడు డబ్బాల మీది నంబర్లు చూస్తే తెలుస్తోంది.

మోల్డింగ్‌బాబాయ్ · 24

భేష్. అయినా ప్రెషరే అని ఇప్పుడే తీర్మానించొద్దు. ప్రెషర్, టైం రెండూ కలిసి మారాయి కాబట్టి ఏది ఎంతో తెలియదు, మొన్న మెషీన్‌తో వచ్చిన చిక్కే ఇది. ఒకే మెషీన్ మీద, టెంపరేచర్ కదపకుండా, టైం కదపకుండా ప్రెషర్ ఒక్కటే నాలుగైదు మెట్లలో మార్చు. కింది నుంచి పైకి వరసగా పోవద్దు, చీటీలు వేసి ఏ మెట్టు వస్తే అది నడుపు. లేకపోతే మెషీన్ వేడెక్కడం కూడా ప్రెషర్ లెక్కలో కలిసిపోతుంది.

అచ్చుగది · 25

సరే బాబాయ్. చీటీలు రాసేశాను, ఐదు మెట్లు, మెట్టుకి మూడు. గ్రాఫ్ కాగితం మెషీన్ పక్కన బల్ల మీదే అంటించి పెట్టాను, కొలవగానే ఆపరేటరే చుక్క పెడుతున్నాడు, పక్కన పెన్సిల్‌తో టైమూ లాట్ నంబరూ రాస్తున్నాడు. ఇప్పటికి ఆరు చుక్కలయ్యాయి. మిగతా తొమ్మిది అయ్యాక ఫోటో తీసి పెడతాను.